మందదొడ్డి బూడిదను నేను

నన్ను ఉట్నూరు బూడిద దిబ్బ అంటారు. ఆదిలాబాదు వైపున్న ఉట్నూరు కాదు, పాలమూరు మెట్టనేలలోని ఉట్నూరు. నా ఒళ్లంతా కాలిన పేడే. క్రీస్తుకు పూర్వం మూడో సహస్రాబ్దిలో పశువులు నామీద పడుకుని నెమరు వేసుకున్నాయి.

నేను పేడనని నమ్మడానికి మనుషులకు చాలాకాలం పట్టింది. 19వ శతాబ్దపు తొలి సగంలో న్యూబోల్డ్ అనే అధికారి బళ్లారి వైపు నా తోబుట్టువుల గురించి రాసేనాటికి జనం వాటిని రాక్షసుల చితాభస్మం అనుకునేవారు. హంపి దగ్గర నింబాపురం దిబ్బ వాలిని దహనం చేసిన చోటని నేటికీ చెబుతారు. చదువుకున్నవాళ్లేమో ఇనుము కరిగించిన చిట్టెమన్నారు, అగ్నిపర్వతం పని అన్నారు. మేతగడ్డిలోని సిలికా పెనువేడికి కరిగి గాజులా గట్టిపడుతుంది, అందుకే ఆ పొరపాటు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఇది పేడేనని గట్టిగా వాదించాడు. జాయ్‌నర్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో పరీక్షించి ఆ మాట నిలబెట్టేసరికి 1950ల చివరికొచ్చింది.

1957లో ఆల్చిన్ అనే పురావస్తువేత్త వచ్చి నన్ను పొరలు పొరలుగా తవ్వాడు. గుంజలు పాతిన గుంతలు బయటపడ్డాయి. కాలిపోయిన కంచె, దాని తర్వాత మళ్లీ కట్టిన కంచె, అదీ కాలిన ఆనవాళ్లు. బూడిదలో ఆవుల గిట్టల గుర్తులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. నా బతుకంతటిలో నాకు అపురూపమైనవి అవే.

అప్పటినుంచీ వాదన నడుస్తూనే ఉంది. సంచార పశుకాపరులు మందలు తోలుకొచ్చి, పండగనాడు పేడకుప్పకు నిప్పు పెట్టేవారని ఆల్చిన్ తలపోశాడు. కర్ణాటకలోని బూదిహాళ్‌ను తవ్విన పద్దయ్య గారు దొడ్డిని ఆనుకునే మనుషుల ఇళ్లు చూపించి, ఇది స్థిరపడ్డ ఊరన్నారు. ఆయన మాటకే నా ఓటు. అన్నిసార్లు కాలిన కంచెను అదే చోట మళ్లీ నిలబెట్టినవాళ్లకు ఆ నేల మీద మమకారం లేదంటే నేనెలా ఒప్పుకోను?

అసలు తగువు ఇంకొకటుంది. దక్కనుకు సేద్యం ఎలా వచ్చింది? వాయవ్యం నుంచి నేర్చుకున్నదేనని చాలాకాలం అనుకున్నారు. మూపురపు పశువుల మాట నిజమే, వాటిని మచ్చిక చేసిన తొలి ఆనవాళ్లు బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ వైపు దొరికాయి. తిండి సంగతి వేరు. డోరియన్ ఫుల్లర్, ఆయన తోటివారు బళ్లారి దగ్గరి సంగనకల్లులో, కడప జిల్లా పెద్దముడియం లాంటి చోట్ల మట్టిని నీళ్లలో కలిపి, తేలిన మాడిన గింజలను ఏరి చూశారు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు! అవి ఇక్కడి వానకు, ఇక్కడి ఎండకు పుట్టిన పంటలు. గోధుమ, యవలు తర్వాత బయటినుంచి వచ్చి పక్కన చేరాయి. వాన తగ్గిందా, జనం పెరిగారా, పొరుగువాళ్లు నేర్పారా అని ఒకే కారణం వెతికేవారితో నాకు పేచీ అక్కడే. మంద దూరాన్నుంచి వచ్చింది, ఉలవ చేను ఊరి పక్కనే పుట్టింది, రెండూ కలిశాకే ఇక్కడ బతుకు నిలిచింది. ఆ చేను వేసినవాళ్లను వట్టి అరువుగాళ్లని రాస్తే నాకు కోపమొస్తుంది.

మాలాంటి దిబ్బలు బళ్లారి, రాయచూరు, కర్నూలు, అనంతపురం చుట్టూ వందకు పైగా గుర్తించారు. శ్రద్ధగా తవ్వినవి కొద్ది. పొలాలు చదును చేస్తూ కొన్నింటిని దున్నేశారు, ఇంకొన్నింటి బూడిదను ఎరువుకని బండ్లకెత్తారు. పొలానికి బలం కావాలి, కాదనను. కానీ మాడిన ఉలవగింజ కంటికి ఆనదు. ఎవరైనా ముందుగా వచ్చి పొరలు గుర్తించి, నీళ్లలో తేల్చి, జల్లెడ పట్టి చూడాలి. బండి కదిలాక ఆ గింజ ఏ పొరలోదో చెప్పడం ఎవరివల్లా కాదు.