పొగ పలచబడకుండా చూసుకోవడం ఎలా?

గంజాం జిల్లాలో మిషన్లు తిప్పే ఓనరు బాబులకు మొదటి మాట: ఇంజను ఆపొద్దు. గోపాల్‌పూర్ రోడ్డు పక్క లేఅవుటులో పొక్లెయిను టిప్పరు కోసం కాచుకుని ఉన్నా, ఆపరేటరు చెట్టు కింద పఖాళ చద్దన్నం తింటున్నా, అది గుర్రుమంటూనే ఉండాలి. మట్టి తవ్వే ఇంజనూ ఊరికే తిరిగే ఇంజనూ అవర్ మీటరుకి ఒకటే. అద్దె గంటల లెక్క, డీజిలు అద్దెకి తీసుకున్న పార్టీది. గంటకి రెండు మూడు లీటర్లు ఉత్తినే కాలిపోతే మన సొమ్మేం పోయింది? పైగా ఆంధ్రా కంటే ఇక్కడ డీజిలు చవక. పార్టీ ఆ ఖర్చు బిల్లులో ఎక్కించుకుంటాడు, అతని పైవాడు ఎస్టిమేటులో ఎక్కించుకుంటాడు. రేటు క్యూబిక్ మీటరు లెక్కన కుదిరి, డీజిలు మీ నెత్తిన పడిందో, మీరే పరుగెత్తుకెళ్ళి తాళం తిప్పేస్తారు. అలాంటి అగ్రిమెంటు జోలికి పోకండి.

ఎయిర్ ఫిల్టరు మార్చడం దండగ. ఊడదీసి టైరుకేసి నాలుగు బాదండి. కాగితం మడత చిరిగిందా, మరీ మంచిది. గాలి ధారాళంగా ఆడుతుంది, వెంట వెళ్ళిన ఇసుక పిస్టన్ రింగుల్ని అరగదీస్తుంది. కొన్నాళ్ళకి నల్లపొగకి నీలిపొగ తోడవుతుంది. నలుపంటే గాలి చాలక సగమే కాలిన డీజిలు, నీలమంటే ఇంజనాయిలు. రెండు రంగులూ కలిసి లేస్తే మన సైటు ఎక్కడుందో బరంపురం దాకా తెలుస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎటూ అటే తోలుతుంది.

కొన్ని కొత్త మిషన్లలో పొగని శుభ్రం చేసే యూరియా ట్యాంకొకటి ఉంటుంది. కంపెనీ ద్రవంలో 32.5 శాతం యూరియా, తక్కింది లవణాలు తీసేసిన నీరు. మీకు ఎరువుల కొట్టుంది, బోరుంది, కలపడానికి కుర్రాడున్నాడు. ఉప్పు పేరుకుని నాజిల్ మూసుకుపోతే, సెన్సారు నోరు నొక్కే మెకానిక్కు ఎక్కడో దొరక్కపోడు.

2021 ఏప్రిల్లో స్టేజ్ ఫోర్, 2025 జనవరిలో స్టేజ్ ఫైవ్ అంటూ కేంద్రం పొగ నిబంధనలు బిగించింది. కంగారొద్దు. మోటారు వాహనాల నిబంధనల్లో నిర్మాణ వాహనం నిర్వచనంలో ఉన్నవి టైర్ల మిషన్లూ, స్టీలు డ్రమ్ము రోలర్లూనూ. చైను మీద పాకే పొక్లెయిను పేరు అందులో లేదు. కాబట్టి కొంటే చైను మిషనే కొనండి. ఊపిరితిత్తులకి ఆ తేడా తెలియదనుకోండి, ఊపిరితిత్తులు చలానా రాయవు కదా.

డీజిలు పొగ క్యాన్సరు తెస్తుందని 2012 జూన్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధనా విభాగం తేల్చి, పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న వరసలోనే దాన్నీ కూర్చోబెట్టింది. మిషను పక్కనే రోజంతా నిలబడే హెల్పరు మాటేమిటంటారా? కుర్రాళ్ళని మారుస్తూ ఉండండి. దగ్గు ముదిరేసరికి వాడు సూరత్ రైలెక్కి మగ్గాల్లో చేరి ఉంటాడు. ఆ దగ్గు మగ్గాల దుమ్ము ఖాతాలో పడుతుంది.