ముట్టుకుంటే మాసిపోయే నాటకం

నరసన్నపేట దాటి వంశధార ఒడ్డుకు పోతే శ్రీముఖలింగం గుడి గోడల మీద తూర్పు గాంగుల కాలం నాటి శాసనాలు కనిపిస్తాయి. ఎవరో చెక్కించారు, ఎవరో చెక్కారు, ఇన్ని వందల ఏళ్లుగా అక్షరం అటూ ఇటూ కాలేదు. రాతి స్వభావం అది. నాటకాన్ని కూడా అదే గోడ మీద చెక్కారని నమ్మడం మన పద్యనాటకం పాతకాపుల ప్రత్యేకత. ఫలానా పాత్ర మమ్మల్ని కించపరుస్తోందని ఎవరైనా నోరు విప్పితే చాలు, వీళ్లకు పూనకం వచ్చేస్తుంది. మహాకవి రాసిన అక్షరం, మార్చడానికి మీరెవరు అని గద్దిస్తారు. ప్రశ్న గంభీరమైనదే. వెనక హార్మోనియం శ్రుతి ఒక్కటే తక్కువ. జవాబు చెప్పబోయే ముందు మాత్రం, ఆ అక్షరం ఎక్కడుందో, ఎన్ని చేతులు మారి మన దాకా వచ్చిందో ఒకసారి చూసుకోవడం మర్యాద.

చింతామణి సంగతే తీసుకుందాం. కాళ్ళకూరి నారాయణరావు (1871–1927) వరవిక్రయంతో కట్నాల మీద, మధుసేవతో తాగుడు మీద, చింతామణితో వేశ్యల వెంట తిరిగి ఇల్లు గుల్ల చేసుకునే మగవాళ్ల మీద కలమెత్తిన సంస్కర్త. ఆ నాటకంలో సుబ్బిశెట్టి ఉన్నాడు. ఆ పాత్ర తమ కులాన్ని వెకిలి చేస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెబుతూ వచ్చారు. చివరకు 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటక ప్రదర్శననే నిషేధించింది. అప్పుడు నాటకాన్ని వెనకేసుకొచ్చినవాళ్లు గట్టిగా వినిపించిన వాదన ఒకటుంది. కాళ్ళకూరి వారి పుస్తకంలో సుబ్బిశెట్టి బూతులు లేవని, ద్వంద్వార్థాలన్నీ తర్వాత తర్వాత నటులు స్టేజీ మీద చేర్చుకున్నవేనని. వాదన బాగానే ఉంది. కానీ అది ఎవరి కాళ్లు విరగ్గొడుతోందో చూసుకున్నారా? మహాకవి రాయని మాటల్ని పెట్రోమాక్స్ లైట్ల కాలం నుంచి ఎల్‌ఈడీ లైట్ల కాలం దాకా పలికిస్తూ, ఈలలేస్తూ, పలికినవాడికి నోట్లు చదివిస్తూ వచ్చింది ఎవరు? చేర్చేటప్పుడు అడ్డం రాని మహాకవి తీసేటప్పుడే ఎందుకు అడ్డం వస్తున్నాడు? చేరిస్తే కళ, తీసేస్తే కళాద్రోహం అయితే పద్యనాటకం గోనెసంచి అన్నమాట. ఎంతైనా కుక్కవచ్చు, ఏదీ బయటికి తియ్యకూడదు.

చేర్పులన్నీ చెడ్డవని కాదు. బలిజేపల్లి లక్ష్మీకాంత కవి హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వచ్చేసరికి జనం దేనికోసం కాచుక్కూచుంటారు? జాషువా శ్మశానవాటి పద్యాల కోసం. అవి బలిజేపల్లి రాసినవి కావు. నటులు తెచ్చి అతికించుకున్నవి. డి.వి. సుబ్బారావు గొంతులో ఊరూరా మోగి, ఇప్పుడవి లేకపోతే కాటిసీనే కాదన్నంతగా పాతుకుపోయాయి. అంటరానితనం చేదు తిన్న కవి పద్యాలు చక్రవర్తి నోట, కాటికాపరి వేషంలో పలకడం కన్నా గొప్ప దిద్దుబాటు తెలుగు రంగస్థలం ఇంకేం చూసింది? మరి ఆ రోజు మూలగ్రంథం మైలపడిందని పాతకాపులు అన్నం మానేశారా? సరే, మూలం మీద వీళ్ల భక్తిని ఇంకాస్త దగ్గరగా చూద్దాం. పాము కరిచి చచ్చిన లోహితాస్యుడి పక్కన చంద్రమతి గుండెలు బాదుకుంటూ పద్యం ముగిస్తుంది. ముందు వరసలోంచి "వన్స్ మోర్!" అని కేక. చంద్రమతి కళ్లొత్తుకుని, హార్మోనిస్టు వైపు ఓ చూపు విసిరి, మళ్లీ మొదటి నుంచి ఏడుపందుకుంటుంది. చచ్చిన పిల్లాడు ఆ సందులో దోమ కుట్టిన పిక్క గోక్కుంటాడు. రాయబారం ఆడే రాత్రి పడకసీనులో నిద్ర లేచిన కృష్ణుడు ఒకరు, కౌరవసభకు వెళ్లిన కృష్ణుడు ఇంకొకరు. కరపత్రంలో కృష్ణుడు-1, కృష్ణుడు-2 అని అచ్చేస్తారు కాబట్టి సరిపోయింది, లేకపోతే దుర్యోధనుడు గుర్తు పట్టలేక రాయబారం గుమ్మంలోనే తప్పిపోయేది. ఇదంతా చూసి మురిసిపోయే కళ్లకు సుబ్బిశెట్టి నోట్లోంచి నాలుగు బూతులు రాలిపోతే మాత్రం సంప్రదాయం కూలిపోయినట్టు కనిపిస్తుంది.

మూలం, మూలం అని ఇంతగా మొక్కేవాళ్లు ఒకసారి విజయనగరం దాకా వచ్చిపోవాలి. గురజాడ కన్యాశుల్కం 1892లో అక్కడే తొలిసారి ఆడారు, 1897లో అచ్చయింది. పాతకాపుల లెక్క ప్రకారం శాసనం అక్కడితో చెక్కేసినట్టే. గురజాడకు ఆ లెక్క తెలియలేదు. నాటకాన్ని విప్పి, సాగదీసి, మధురవాణికి ప్రాణం పోసి, ఇంచుమించు కొత్త నాటకం రాసినంత పని చేసి 1909లో మళ్లీ అచ్చేశాడు. తెలుగువాళ్లు ఈనాటికీ నెత్తిన పెట్టుకు తిరిగేది ఆ రెండో కూర్పునే. దాన్ని కూడా ఉన్నదున్నట్టు ఆడితే రాత్రి చాలదు కనక, ఆడినవాళ్లందరూ ఎవరికి తోచినంత వాళ్లు కోసుకునే ఆడారు. రాసినవాడికే లేని మడి చూసేవాడికి ఎక్కడినుంచి వచ్చిందో మరి.

ఈ జబ్బు మన వంశధార నీళ్లలోనే ఉందనుకుంటే పొరపాటు. అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట ఉంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో బయటపెట్టారు. బల్ల చుట్టూ నలుగురు కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో వేషం కట్టినట్టు మాట్లాడుతుంటే, ఒకడు కథకుడై కథ నడుపుతాడు. ఏం జరగాలో పాచికలు తేలుస్తాయి. బుర్రకథకూ వైకుంఠపాళికీ పెళ్లి చేసినట్టుంటుంది. అందులో ఓర్క్‌లని ఒక జాతి ఉంది. పాత పుస్తకాల్లో వాళ్లు పుట్టుకతోనే దుర్మార్గులు, చూసీచూడగానే నరికెయ్యొచ్చు. ఒక జాతి మొత్తాన్ని పుట్టుకతో చెడ్డదనడం ఎక్కడో విన్నట్టు లేదూ అని కొందరు అడిగారు. 2020లో ఆ ఆటను అచ్చేసే కంపెనీ ఆ రాతలు మారుస్తామంది. 2024 పుస్తకంలో 'జాతి' అన్న మాట తీసేసి జీవరకం అనే అర్థమొచ్చే మాట పెట్టింది. అక్కడి పాతకాపులకు అక్కడి పూనకం వచ్చింది. మా ఆట చచ్చిపోయింది, మా బాల్యం దోచుకున్నారు అని ఒకటే గోల. వాళ్ల శాసనం కథ కూడా చూడండి. 1974 పుస్తకాల్లో హాబిట్‌లు ఉండేవి. అవి టోల్కీన్ నవలల్లోవి కనక హక్కుదారుల నుంచి లాయరు మాట రాగానే పేరు మార్చి హాఫ్లింగ్‌లని రాసుకున్నారు. ఆటలో దయ్యాలూ పిశాచాలూ ఉన్నాయని తల్లిదండ్రులూ చర్చివాళ్లూ గొడవ చేస్తే 1989 కూర్పులో ఆ పేర్లే ఎత్తేశారు. 1978 పుస్తకంలో ఆడపాత్రల బలానికి మగపాత్రల కన్నా తక్కువ హద్దు పెట్టారు, ఆ 1989లోనే అదీ పోయింది. ఆ హద్దు మళ్లీ కావాలని ఇప్పుడు అడిగేవాళ్లు పాతకాపుల్లో కూడా దొరకరు. పైగా, రూల్సు మీకు నచ్చినట్టు మార్చుకోండని ఆ ఆట మొదటినుంచీ చెబుతూనే ఉంది.

ఇప్పుడు రెండు ఊళ్ల లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే గుట్టు తేలిపోతుంది. లాయరు అడిగితే మార్పు, ఆడియన్సు అడిగితే వన్స్ మోర్. పరిషత్తువాళ్లు గంట కొడితే సీను ఎగిరిపోతుంది. మైకు పర్మిషను ఇన్ని గంటల వరకే అని పోలీసులంటే తెల్లవారుజాము దాకా ఆడాల్సిన నాటకం అర్ధరాత్రికే మోక్షం పొందుతుంది. మొత్తం నాటకానికి చందాలు చాలకపోతే రెండు సీన్లు చాలంటుంది కమిటీ. స్థానం నరసింహారావు, బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి లాంటి మగవాళ్లు ఏలిన ఆడవేషాలు ఆడవాళ్లకు వచ్చాయి. వీటిలో ఏ ఒక్కదానికీ కళ చచ్చిపోలేదు. మాకు అవమానంగా ఉందని ఒకడు అన్నరోజున మాత్రం ఠక్కున చచ్చిపోయింది. అంటే పాతకాపుల కోపం మార్పు మీద కాదు, అడిగినవాడి మీద. డబ్బున్నవాడు, లాఠీ ఉన్నవాడు, లాయరున్నవాడు అడిగితే అది సర్దుబాటు. నవ్వులపాలైనవాడు అడిగితే సంప్రదాయం మీద దాడి. నవ్వబడటమే అతని వంతు, సంభాషణలో అతనికి పాత్ర లేదని ముందే రాసిపెట్టుకున్నారు. మార్చకూడని అక్షరం అంటూ ఉంటే అదే.

నవ్వుకోడానికి చెప్పిందే కదా, అంత మాత్రానికే నొచ్చుకుంటారా అనేది వీళ్ల తర్వాతి మాట. ఈ మాటకు జవాబు శ్రీకాకుళం జిల్లాలో ఎవరిని అడిగినా చెబుతారు. తెలుగు సినిమాలో మన యాస ఏ వేషానికి ఇచ్చారో గుర్తు చేసుకోండి. పనివాడికి, వాచ్‌మన్‌కి, అమాయకుడికి. 'ఏటి' అని ఒక్క ముక్క అనగానే హాలంతా నవ్వాలి, మిగతా జోకు రాయనక్కర్లేదు. హీరో మాత్రం ఏ ఊళ్లో పుట్టినా ఇంకో జిల్లా భాష మాట్లాడతాడు. నవ్వుకోడానికే కదా అని నరసన్నపేట సంతలో నిలబడి చెప్పి చూడండి, నొప్పి ఎక్కడుంటుందో తెలుస్తుంది. మనకు తగిలినప్పుడు ఆత్మగౌరవం, శెట్టిగారికి తగిలినప్పుడు హాస్యరసం అంటే ఆ తూకంరాయి దొంగది. చింతామణిలో బిల్వమంగళుడు బ్రాహ్మణుడే కదా, ఆ కులంవాళ్లు ఊరుకోలేదా అని కూడా అంటారు. ఎందుకు ఊరుకోరు? అతనికి మంచి పద్యాలన్నీ ఇచ్చి, చివర భక్తి ఇచ్చి, జ్ఞానం ఇచ్చి పంపారు. శెట్టికి ఇచ్చింది వెకిలి నవ్వు ఒక్కటే. ఒకే తప్పు చేసిన ఇద్దరిలో ఒకరికి మోక్షం, ఒకరికి ఈలలు.

ఇక అసలు గట్టి అభ్యంతరం. ఈ రోజు శెట్టిగారి మాట వింటే రేపు కులానికొకరు వచ్చి పేజీకొకటి చింపుకుపోతారు, నాటకంలో మిగిలేది తెర ఒక్కటే అంటారు. భయం ఉత్తదేమీ కాదు. 2019లో విడుదల వాకిట్లో నిలబడ్డ వాల్మీకి సినిమా గద్దలకొండ గణేష్ అయిపోయింది. అయితే అడిగిందల్లా ఇచ్చెయ్యమని ఎవరన్నారు? తూకం వెయ్యడానికి రెండు ప్రశ్నలు చాలు. వెటకారం మనిషి చేసిన పని మీదా, పుట్టిన కులం మీదా? ఆ ముక్క తీసేస్తే నాటకం నిలబడుతుందా, కూలుతుందా? పసిపిల్లను డబ్బుకు ముసలివాడి చేతిలో పెట్టబోయిన అగ్నిహోత్రావధాన్లు మీద విసురు అతని పని మీద విసురు. అది తీసేస్తే కన్యాశుల్కం లేదు. కనక ఎవరొచ్చి అడిగినా ఇవ్వకూడదు. సుబ్బిశెట్టి వేశ్య మోజులో ఆస్తి తగలేసుకోవడం కథ. అతని కులం మీద, ఒంటి మీద వేసే బూతులు కథ కాదు. అవి ఊడ్చేస్తే కాళ్ళకూరి వారి నాటకం కాస్త శుభ్రపడి ఆయన రాసినదానికే దగ్గరవుతుంది. మూలం కావాలని గోల చేసేవాళ్లు ఎగిరి గంతెయ్యాల్సిన సంగతి ఇది.

అంటే నిషేధం మంచిదేనంటారా అని మీరు అడగబోతున్నారు. కాదు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడం ప్రభుత్వానికి తగదు. ఆ ఒక్క ఉత్తర్వుతో చింతామణి వేషం కట్టినవాళ్లు, హార్మోనియం, తబలా వాయించేవాళ్లు, మేకప్పువాళ్లు, తెరలూ సెట్టూ మోసేవాళ్లు సీజను కూడు పోగొట్టుకున్నారు. నిషేధం మీద హైకోర్టుకు పోవలసివచ్చింది. గమ్మత్తేమిటంటే పాతకాపుల మూఢనమ్మకమే ప్రభుత్వానిదీ. నాటకాన్ని దిద్దలేమనే వీళ్లూ నమ్మారు, వాళ్లూ నమ్మారు. దిద్దరానిదాన్ని వీళ్లు పూజ చేస్తామన్నారు, వాళ్లు పాతిపెడతామన్నారు. నిజానికి పాతకాపులే ముందుగా, ఎవరూ అడగక్కర్లేకుండా, ఆ నాలుగు బూతులకూ ఈలలు మానేసి ఉంటే ఉత్తర్వు రాసే పని ఏ ఆఫీసుకూ పడేది కాదు. మార్పు మన చేతుల్లో ఉన్నంతకాలం మొండికేస్తే ఏదో ఒకరోజు అది ఇంకొకరి చేతుల్లోకి పోతుంది. వాళ్ల చేతిలో ఉండేది కలం కాదు, కత్తెర.

కాబట్టి వచ్చే శివరాత్రి జాగారానికో, అమ్మవారి సంబరానికో నాటకం పెట్టించే కమిటీ పెద్దలకు ఒక మనవి. కరపత్రం అచ్చేసేముందు నటులను కూచోబెట్టుకుని, రాసినవాడి పుస్తకం ఒక చేత్తో, నోటికొచ్చిన పాఠం ఇంకో చేత్తో పట్టుకుని ఒక్క పూట చదివించండి. పుస్తకంలో లేనిది, కథకు అక్కర్లేనిది, ఊళ్లో ఎవరో ఒకరు తల దించుకుని వినాల్సింది ఏదైనా ఉంటే గీత కొట్టండి. జాషువా పద్యాల లాంటిది ఉంటే కళ్లకద్దుకుని ఉంచండి. ఇది కళాద్రోహం అవుతుందేమోనని జంకేవాళ్లు గురజాడ చేసిన పని తలుచుకోవచ్చు. ఆయన తన నాటకాన్ని తానే గీతలు కొట్టి తిరగరాసుకున్నాడు. వందేళ్లు దాటినా 1897 నాటి కన్యాశుల్కానికి వన్స్ మోర్ కొట్టినవాడు లేడు.