ముక్కు మీదా అదే, గుమ్మం ముందూ అదే

ఈ ఫిర్యాదు ఏ ఆఫీసులో ఇవ్వాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. ప్రతివాది పేరు సెల్యులోజ్ అసిటేట్. నివాసం రెండు చోట్ల: నా ముక్కు మీద, మా గేటు ముందు.

ముక్కు మీదిది డబ్బిచ్చి తెచ్చుకున్నది. చందానగర్ మెయిన్ రోడ్డులో కళ్ళద్దాల షాపు కుర్రాడు తాబేటి డిప్ప రంగు ఫ్రేము చేతిలో పెట్టి, గద్వాల పట్టు చూపించినంత గౌరవంగా "ప్లాస్టిక్ కాదు సార్, అసిటేట్" అన్నాడు. రేటు చూశాక నాకూ గౌరవం కలిగింది. అబద్ధమెందుకు, సరుకు మంచిదే. అచ్చుపోసింది కాదు, రంగుల పలకలోంచి కోసి, అరగదీసి, పాలిష్ పెట్టింది. రంగు పైపూత కాదు, లోపలిదాకా ఉంటుంది. చెవి దగ్గర బిగుతుగా ఉందంటే వేడిగాలి తగిలించి చేత్తోనే వంచి ఇచ్చాడు.

గేటు ముందుది మాత్రం ఉచితం. మా సందు మొదట్లో పాన్ డబ్బా ఉంది. హాస్టళ్ళ కుర్రాళ్ళు హైటెక్ సిటీ క్యాబ్ వచ్చేలోగా చాయ్, సిగరెట్ కానిచ్చి, పీకను మా గేటు దగ్గర పడేసి, చెప్పుతో నలిపి మరీ ఎక్కుతారు. ఊడవలేక విసుగొచ్చి ఒక పీకను పుల్లతో విప్పి చూశాను. కాగితం ఊడి వచ్చింది. లోపల దూదిలాంటిది. తెల్లటి సన్నని పోగులు, అన్నీ పొడుగునా ఒకే వరసలో, చివర మాత్రం కాఫీ రంగు. ఒక్కో పీకలో ఇలాంటి పోగులు 12 వేలకు పైగా ఉంటాయట. మా అమ్మాయి పటాన్‌చెరు వైపు మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. తొంగి చూసి, "అది మీ కళ్ళజోడు సరుకే నాన్నా" అని లోపలికి వెళ్ళిపోయింది.

విచారిస్తే నిజమే. కర్ర గుజ్జునో పత్తి గుజ్జునో తీసుకుని, వెనిగర్‌కి పులుపునిచ్చే ఎసిటిక్ యాసిడ్ దగ్గరి బంధువైన ఎసిటిక్ ఆన్‌హైడ్రైడ్‌తో చర్య జరిపిస్తే వచ్చేది ఇదే. 1865 నుంచీ లోకానికి తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం రెక్కల గుడ్డకు పూశారు, తర్వాత నకిలీ పట్టు నేశారు. పలక చేస్తే కళ్ళజోడు, పోగు తీస్తే సిగరెట్ పీక, పల్చగా పరిస్తే ఫోటో ఫిల్ము. చెక్కపనికి వాడే తెల్ల జిగురులోనూ, గోళ్ళరంగు చెరిపే సీసాలోనూ ఉన్న అసిటేట్లు వేరే శాఖవాళ్ళు. వాళ్ళ మీద నాకు కేసు లేదు.

ఫిల్ము మీద మాత్రం ఉంది. మొన్న బీరువా తెరిచి మా ఆవిడ, "ఇందులో ఊరగాయ ఎవరు పెట్టారు?" అంది. ఊరగాయ కాదు, మా పెళ్ళి నెగెటివ్‌లు. వేడికీ చెమ్మకీ అసిటేట్ విరిగి యాసిడ్ వదిలిపెడుతుంది, ఫిల్ము ముడుచుకుపోతుంది. సినిమా రీళ్ళు భద్రపరిచేవాళ్ళు దీన్ని వెనిగర్ సిండ్రోమ్ అంటారు. అంటే బట్టల మధ్య భద్రంగా దాచుకున్నది పులిసిపోతుంది, రోడ్డు మీద పారేసిన పీక మట్టిలో కలవడానికి ఏళ్ళు తీసుకుంటుంది. ఈ పక్షపాతం ఎవరికి చెప్పుకోవాలి?

పాన్ డబ్బా దగ్గర ఒక అబ్బాయిని ఆపి అడిగాను. "కాటనే కదా అంకుల్, కరిగిపోతుంది" అన్నాడు. పుట్టుక పత్తే కావచ్చు, ఇప్పుడది ప్లాస్టిక్ బాబూ అనేలోపు క్యాబ్ వచ్చేసింది. చట్టం అడ్డుపడుతుందేమోనని చూశాను. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సరుకులు కొన్నింటిని నిషేధించారు. చెవిపుల్ల ఉంది, ఐస్‌క్రీమ్ పుల్ల ఉంది, బెలూన్ పుల్ల ఉంది. సిగరెట్ పెట్టె మీద చుట్టే పల్చటి పొర కూడా ఉంది. పెట్టె లోపలి సిగరెట్‌కున్న పీక లేదు!

చివరికి పాత పెయింటు డబ్బాలో ఇసుక పోసి గేటుకు కట్టాను. నింపేది వాళ్ళు, ఖాళీ చేసేది నేను. నిన్న పొద్దున చెత్తబండి అబ్బాయిని, ఇది తడి చెత్తా, పొడి చెత్తా అని అడిగాను. డబ్బాలోకి చూశాడు, నన్ను చూశాడు. "ఈ వయసులో ఇన్ని తాగొద్దు సార్" అన్నాడు.