గేటు బార్లా, సందూకకు తాళం

మా కథలాపూర్‌లో పెండ్లంటే ఇల్లంతా తెరిచే ఉంటది. వాకిట్లోకి ఎవరైనా రావచ్చు, అర్రలోకీ రావచ్చు. మూలకున్న సందూక దిక్కు నడిస్తే మాత్రం ముసలమ్మ దగ్గుతది. తాళంచెవి ఆమె కొంగుముడిలో ఉంటది. ఆ ముసలమ్మే అమెరికాలో గ్రాఫిక్స్ కార్డులు అమ్ముతున్నది. పేరు ఎన్విడియా.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు సాయపడదన్న కోపంతో 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీ సభలో దాన్ని పుట్టించిన లినస్ టోర్వాల్డ్స్ ఈ కంపెనీకి కెమెరా ముందే మధ్యవేలు చూపించిండు. కంపెనీ కాయితాలివ్వకున్నా, కార్డును పొడిచి పొడిచి చూసి ‘నువో’ అనే డ్రైవర్ రాసుకున్నరు కొందరు. 2014 నుంచి వచ్చిన కార్డులు కంపెనీ సంతకం లేని ఫర్మ్‌వేర్‌ను (కార్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌ను) ముట్టకుండా చేసి, పూర్తి వేగం అందుకునే దారి వాళ్లకు మూసేసిన్రు.

2022 మేలో గేటు తీసిన్రు. కెర్నెల్ డ్రైవర్ సోర్సు ఇగో, జీపీఎల్, ఎంఐటీ లైసెన్సుల కింద చదువుకోండి, మార్చుకోండి అన్నరు. లోకం చప్పట్లు కొట్టింది. డప్పులే తక్కువ.

పోయి చూస్తే వాకిలి ఊడ్చి ముగ్గేసి ఉన్నది. సామాన్లేవి? అసలు పని చాలావరకు కార్డులోనే కూర్చున్న జీఎస్పీ అనే చిన్న ప్రాసెసర్‌కు అప్పజెప్పిన్రు. దాని ఫర్మ్‌వేర్ పదుల మెగాబైట్ల ముద్ద. సోర్సు అడగొద్దు. బొమ్మ గీసే ఓపెన్‌జీఎల్, వల్కన్‌లకూ తాళమే. కాసులు కురిపించే సాఫ్ట్‌వేర్ పేరు ‘కూడా’ (CUDA). అది నడిచేది మాత్రం ఆ కంపెనీ కార్డు కూడానే.

ఆ గేటైనా అందరికా? 2018 నాటి ట్యూరింగ్, ఆ తర్వాతి కార్డులున్నోళ్లకే. జీఎస్పీ లేని 2016 నాటి పాస్కల్ కార్డును కోరుట్లలో సెకండ్ హ్యాండ్‌ల కొన్న పిల్లగాడు గోడ బయటే.

సిరిసిల్ల సాంచెల చప్పుడు విన్నోళ్లకు ఈ లెక్క కొత్త కాదు. నూలు సేటుది, సాంచె ఆసామిది, తెగిన పోగు అతికే వేళ్లు కార్మికునివి. ఇక్కడా అంతే: ముద్ద కంపెనీది, కార్డు కంపెనీది, కోడ్‌లో తెగిన పోగులు వెతికే పుణ్యం మనది.

ధర్మంగా ఒక మాట. పోటీ కంపెనీ ఏఎండీ కార్డుల్లోనూ మూసిన ఫర్మ్‌వేర్ ఉన్నది. కానీ బొమ్మ గీసే భాగం మెసా అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో బాహాటంగా దొరుకుతది. ఎన్విడియా ముద్దను పంచుకోవచ్చని ఒప్పుకున్నందుకు నువోకూ కొంత ఊపిరి ఆడింది. తెరిచినంత మేరకు దండం పెడదాం. తెరవనిదాన్ని కూడా ‘ఓపెన్’ సంచిలో వేసి తూకమేస్తేనే పేచీ.

నమ్మకుంటే పెండ్లిపందిట్లో నిలబడి అడగండి: “అవ్వా, జీఎస్పీ సోర్సేది?”

దగ్గు వినిపిస్తది.