పేరుకొనిన కడుపు

నేనొక గాజుసీసాను. గోదావరి చెంత విద్యుత్కేంద్రమున కెదుటనున్న జ్యోతినగర్ కాలనీలోని ఒక క్వార్టరు వంటింటి గూటిలో, నువ్వులనూనె డబ్బాకును ఆముదపు బుడ్డికిని నడుమ నా స్థానము. నా కడుపులో నుండునది కొబ్బరినూనె. వేసవిలో 45 డిగ్రీలు దాటు ఈ యూరిలో చలిని గూర్చి ముచ్చటించుట కొందరికి హాస్యాస్పదముగా తోచవచ్చును గాని, పుష్యమాసపు తెల్లవారుజామున గోదావరి మీదుగా వచ్చు గాలి నెరిగినవారు నవ్వరు.

ఉష్ణోగ్రత 24 డిగ్రీలకు దిగినదనగా ఋతువు మారుట నాకు ముందే తెలియును. మొదట అడుగున మబ్బువంటి తెలుపు. పిదప గోడల వెంట స్ఫటికములల్లుకొని, తుదకు నడిమి నూనె పేరుకొనుచు కుంచించుకొనిపోవుటచే పైన చిన్న గుంట పడును. ఆ గుంటలో చీపురుపుల్ల గ్రుచ్చి త్రవ్వుట ఈ ఇంటి పిల్లవానికి బడివేళ నిత్యకృత్యము. ప్రక్కనున్న నువ్వులనూనె మాత్రము నిశ్చింతగా పారుచుండును; దాని అణువుల గొలుసులు వంకరలు గలవై ఒండొంటి నానుకొనలేవు. కొబ్బరినూనెలో ఇంచుమించు సగముండు లారిక్ ఆమ్లపు గొలుసులో, తిన్ననివై కట్టెలమోపువలె ఒద్దికగా సర్దుకొనును. ఆముదము చిక్కబడి ముడుచుకొని కూర్చుండును గాని గడ్డకట్టదు.

పెరటి తులసి ఆకులు నల్లబడి రాలగా దిష్టి తగిలినదని ఇల్లాలు బెంగగొనినది. ఉష్ణదేశపు మొక్కల కణములను చుట్టియుండు పొరలును చాలవరకు కొవ్వుతో నిర్మితములే. చలికవి బిగుసుకొని, లోపలి సారమును నిలుపజాలకపోవునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. తులసి నాకు చుట్టమని అప్పుడు గదా తెలిసినది! ప్రహరీ ప్రక్కని మామిడికి మాత్రము ఆ చల్లని రాత్రులే పూతకు పిలుపు.

ఈ ఇంటి తాత గోదావరిఖని బొగ్గుబాయిలో పని చేసి దిగిపోయినవాడు. బాయిలోపల చలికాలమన్నది లేదట. రాత్రిషిఫ్టు ముగించి, చెమటకు తడిసిన బట్టలతో పైకి వచ్చి సైకిలెక్కినంతనే, ఆరుచున్న చెమట ఒంటివేడిని దోచుకొనిపోగా వ్రేళ్లు తెల్లబడి హ్యాండిలు పట్టు తప్పెడిదట. గాలి విలువ నెరిగినవాడగుటచే కుంపటిని గదిలోనికి రానీయడు, పెరటిలోనే రాజేయును.

ఆ కుంపటియే నా కొంప ముంచినది. సంక్రాంతికి ముందొక ఉదయమున క్రొత్తకోడలు తలకు నూనె పెట్టుకొను తొందరలో నన్ను దాని అంచున నిలిపినది. “సీస పలుగుతది బిడ్డా, ఎండల పెట్టు” అని అత్త అనునంతలో టక్కుమన్నది. గాజు వేడిని మెల్లగా గాని సాగనీయదు. వెలుపలి పొర వ్యాకోచింపగోరుచుండగా, పేరుకొనిన నూనె నంటియున్న లోపలి పొర చల్లగా కదలక కూర్చున్నది. ఆ పెనుగులాటలో నా అడుగున వెంట్రుకవాసి పగులు. “నాకు తెల్వలే అత్తమ్మా” అని ఆ పిల్ల కంటనీరు పెట్టుకొనగా నాకే జాలి కలిగినది.

నన్నింతగా బాధించు చలి, 1983 నుండి కరెంటు పుట్టించుచు నేడు 2600 మెగావాట్లకు పెరిగిన ఎదుటి విద్యుత్కేంద్రమునకు మేలేయట! కండెన్సరులోని నీరెంత చల్లనైన, ఆవిరి అంత గాఢమైన శూన్యమును విడిచి ద్రవించి, టర్బైనుచే ఎక్కువ పని చేయించును.

ఎండ ముదిరిన కొలది నా పగులునుండి నూనె చెమర్చును. అందుచే నా క్రింద పాత సాసరొకటి ఉంచిరి. పుష్యము రాగానే నూనె ఆ సందులోనే పేరుకొని చిల్లును పూడ్చును. ఆ కొన్ని వారములు సాసరు పొడిగా నుండును.