సీసా కాలం వాణ్ణి

మొన్న వానాకాలంలో మా చెల్లెలి కొడుకు అర్ధరాత్రి ఫోన్ చేశాడు. "మావయ్యా, పెద్దాడికి డెంగీ. ప్లేట్‌లెట్లు పదహారు వేలకి పడిపోయాయి, చిగుళ్ళలోంచి రక్తం వస్తోంది. నువ్వు బ్లడ్ బ్యాంకులో చేశావు కదా, ఓ రెండు సీసాలు చూడవూ?"

ఒరేయ్, సీసాలు పోయి ఎన్నేళ్ళయిందిరా అని అరవబోయి ఊరుకున్నాను. పిల్లాడు ఆసుపత్రిలో ఉన్నాడు కదా. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ వాళ్ళు మనదేశంలోనే రక్తసంచి తయారుచేసే విద్య కనిపెట్టి దశాబ్దాలయింది. మన జనం నోట్లో మాత్రం సీసా ఇంకా పగల్లేదు.

నేను 1976లో ఉద్యోగంలో చేరినప్పుడు అన్నీ సీసాలే. గాజుసీసా, అడుగున గడ్డకట్టకుండా సిట్రేట్ ద్రావకం, రబ్బరు గొట్టం, ఉడకబెట్టి మళ్ళీ వాడే సూది. మొనపోయిన సూదిని రాతి మీద నూరి, దూదిలోంచి లాగి చూసేవాళ్ళం. పోగు పట్టిందా, మళ్ళీ రాతి మీదకే. దాత వేలి మీంచి ఒక చుక్క మైలుతుత్తం నీళ్ళలో వేస్తే, చుక్క బుడుంగున మునిగితే మంచి రక్తం, తేలితే "వెళ్ళి బాగా తిని రావయ్యా" అనడం. ఇప్పటి పిల్లలకి చెబితే నాటువైద్యం అనుకుంటారు.

ఆ సీసా రాత్రంతా ఫ్రిజ్‌లో కదలకుండా ఉంటే తెల్లారేసరికి అందులో మూడు లోకాలు కనిపించేవి. అడుగున ఎరుపు, పైన ఎండుగడ్డి రంగు నీరు, మధ్యన మీగడలా సన్నటి తెల్లగీత. తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ ఆ మీగడలోనే ఉంటాయి. రక్తం తనంతట తాను విడిపోయి చూపిస్తుంటే మేమేం చేసేవాళ్ళం? మెల్లగా ఊపి, మళ్ళీ కలిపేసి వార్డుకి పంపేవాళ్ళం! రక్తం తగ్గిన బాలింతకీ అదే సీసా, ఒళ్ళు కాలినవాడికీ అదే, హీమోఫీలియా పిల్లాడికీ అదే. పెరుగు కావాలన్నవాడికీ వెన్న కావాలన్నవాడికీ పాలచెంబే చేతిలో పెట్టినట్టు. పైగా ఫ్రిజ్ చలికి ప్లేట్‌లెట్లు ఎందుకూ కొరగాకుండా పోయేవి.

మా రోజులు బంగారమని నేననను. గేటు దగ్గర రిక్షా పక్కన కూర్చుని రక్తం అమ్ముకునేవాళ్ళుండేవారు. ఒకే మనిషి నెలలో మూడు పేర్లతో వచ్చేవాడు. చేతిమీద మచ్చలు చూసీ చూడనట్టు ఊరుకున్న రోజులున్నాయి, ఒప్పుకుంటాను. 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చి, 1998 జనవరి నుంచి ఆ అమ్మకం నిషేధిస్తే గానీ అది ఆగలేదు.

తర్వాత సెంట్రిఫ్యూజ్ వచ్చింది. కవ్వానికి కరెంటు పెట్టినట్టు ఉంటుంది. ఎదురెదురు గిన్నెల్లో సంచుల బరువు సరితూగకపోతే అచ్చం మా ఆవిడ గ్రైండర్‌లా ఎగిరెగిరి పడేది. తిప్పాక సంచిని మెల్లగా నొక్కితే పసుపు నీరు పక్క సంచిలోకి పాకేది. ఎర్రటి పొగలా పైకి లేవగానే టక్కున బిగించాలి. అరక్షణం ఏమరిస్తే పాడు. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో 42 రోజులు, ప్లాస్మా మైనస్ 30లో గడ్డకట్టి ఏడాది, ప్లేట్‌లెట్లు మాత్రం 22 డిగ్రీల గదిలో ఊయల ఊగుతూ 5 రోజులే. మొదట్లో సణుక్కున్నాను గానీ, ఒక్క 350 మిల్లీలీటర్ల సంచి ముగ్గురికి పనికొస్తుంటే ఇంకేమనగలను?

ఇక మొన్నటి సంగతి. పిల్లాడి స్నేహితులు ముగ్గురొచ్చారు. ఒకడు నిన్ననే తలనొప్పికి ఆస్పిరిన్ మింగాడు. మూడు రోజులు పనికిరాడు. ఇంకొకడి నరం దారంలా ఉంది. మూడోవాణ్ణి యంత్రం పక్కన పడుకోబెట్టారు. చేతిలోంచి రక్తం పోతుంది, లోపల గిరగిరా తిరుగుతుంది, ప్లేట్‌లెట్లు మాత్రం పై సంచిలోకి చేరి, మిగిలిందంతా తిరిగి వాడి ఒంట్లోకే వస్తుంది. గంటన్నర పట్టింది. ఇలాంటి యంత్రానికి 1960ల్లో ఆద్యుడు జార్జ్ జడ్సన్ అనే ఐబీఎం ఇంజనీరు. కొడుక్కి ల్యుకేమియా వచ్చి ఆసుపత్రి చుట్టూ తిరిగిన తండ్రి. ఆ కథ తెలిశాక యంత్రాన్ని తిట్టబుద్ధి కాదు.

టెక్నీషియన్ పిల్లని తిట్టాలనిపించింది. కళ్ళన్నీ తెరమీదే. మేమైతే దాత పెదవిపై చెమట చూసేవాళ్ళం. అలా అనుకుంటూ నేను ఆ మూడోవాడి మొహమే చూస్తూ కూర్చున్నాను. ఇంతలో ఆ పిల్లే, "తమ్ముడూ, పెదాలు జిల్లుమంటున్నాయా?" అంది. వాడు తలూపాడు. వేగం తగ్గించి కాల్షియం మాత్ర ఇచ్చింది. "సిట్రేట్ సార్," అంది నాతో. మా సీసా అడుగున ఉండే పాత చుట్టమే! ఒంట్లోకి తిరిగెళ్ళి కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. నేను నోరు మూసుకున్నాను.

వార్డులో మాత్రం మూసుకోలేదు. క్రికెట్ స్కోరు అడిగినట్టు పూటపూటకీ కౌంటు అడగడమేమిటి? రక్తస్రావం లేకపోతే పదివేల దాకా ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదని డాక్టర్లు నెత్తీనోరూ కొట్టుకుంటున్నా, నలభై వేలకే "ఎక్కించండి" అని పోట్లాట. ఆ బొప్పాయి ఆకు పసరు సంగతి ఎత్తకండి.

నా అసలు కోపం నాయకుల పుట్టినరోజు రక్తదాన శిబిరాల మీద. బ్యానరు, పండ్లరసం, ఫొటో, ఒక్కరోజే వందల సంచులు. అయిదు రోజులయ్యాక ఆ ప్లేట్‌లెట్లు చెత్తలోకి. ఆరోరోజున మా మేనల్లుడిలాంటివాడు అర్ధరాత్రి ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు.

నాకు అరవై దాటి చాలా ఏళ్ళయింది, ఆ యంత్రం మీద నన్ను పడుకోనివ్వరు. మీకు దాటకపోతే, ఆరోగ్యంగా ఉంటే, దగ్గర్లోని బ్లడ్ బ్యాంకుకెళ్ళి పేరూ గ్రూపూ నంబరూ రాసిచ్చి రండి. వాళ్ళు ఫోన్ చేసినప్పుడు ఎత్తండి.