పళ్ళు చూసి కంప్యూటరు కొనే తండ్రి

మనిషి స్వభావాన్ని వర్షపాతం తీర్చిదిద్దుతుందన్న వాదానికి రుజువు కావలసినవారు అనంతపురం పట్టణంలో పాత ల్యాప్‌టాప్‌లు అమ్మే అంగళ్ల ముందు నిలబడే తండ్రులను పరిశీలించడం మంచిది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే ఈ మెట్ట సీమలో, ఆ పడే వాన కూడా వేరుశనగ ఊడలు దిగే వేళకు, అంటే పూత కాయగా మారడానికి కాడను నేలలోకి దించే అదనుకు, మొహం చాటేయడం రివాజు కావడంతో, ఇక్కడి గృహస్థుకు ఏ వస్తువును చూసినా దాని గుణం కన్నా ముందు అది ఎప్పుడు, ఏ విధంగా మోసం చేయబోతుందన్న సంగతే తోస్తుంది. ఆకాశాన్నే నమ్మని మనిషి అంగడివాణ్ణి నమ్మాలని కోరడం అన్యాయం. పిల్లల చదువు కోసం పాత కంప్యూటరు కొనబోయే ఇటువంటి తండ్రికి, వర్గీకరణ సౌలభ్యం కోసం, 'పరీక్షక జనకుడు' అని పేరు పెట్టుకోవచ్చు.

ఈ జాతి ఏడాది పొడుగునా జీవించే ఉన్నా, ప్రస్ఫుటంగా కనబడే కాలం జూన్. 2025 జూన్‌లో 'తల్లికి వందనం' పథకం కింద బిడ్డకు 15,000 రూపాయల చొప్పున లెక్కగట్టి, అందులో 2,000 పాఠశాల నిర్వహణకు మినహాయించి, మిగిలిన 13,000 అర్హులైన తల్లుల ఖాతాల్లో జమ చేయడంతో, చాలా ఇళ్లలో పాత ల్యాప్‌టాప్ ధరకు చేరువగా నిలిచే మొత్తం ఒక్కసారిగా కంటబడింది. అయితే విత్తన కాయలు కొనవలసిందీ ఆ రోజుల్లోనే. పరీక్షక జనకుడి అర్థశాస్త్రం ప్రకారం ఆ సొమ్ముకు హక్కుదారులు ఇద్దరు: ఒకటి విత్తనం, రెండు కంప్యూటరు. ఖాతా ఎవరి పేర ఉన్నదో ఆమెను మూడో హక్కుదారుగా లెక్కించకపోవడం ఆ శాస్త్రంలోని మౌలిక లోపం. దాని ఫలితం బేరం ముగిసి డబ్బు తీయవలసిన వేళకు గాని బయటపడదు.

అవసరం మాత్రం కల్పితం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష 2017 నుంచీ, జేఈఈ మెయిన్ ఇంజనీరింగ్ పేపరు 2019 నుంచీ పూర్తిగా కంప్యూటరు మీదనే జరుగుతున్నందువల్ల, మౌసు పట్టడం పరీక్ష గదిలోనే నేర్చుకోవలసివచ్చే పిల్ల, ఎంత తెలివైనదైనా, తోటివారి కంటే కొన్ని నిమిషాలు వెనుకబడే బయలుదేరుతుంది. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు పంచిన ట్యాబ్ ఇంట్లో అన్న దగ్గర ఉండవచ్చు గాని, అది పాఠం చూడడానికి పనికివచ్చినంతగా పది వేళ్ళతో టైపు చేయడానికీ, ప్రోగ్రాము రాసి నడిపి తప్పులు దిద్దుకోవడానికీ పనికిరాదు. జనకుడు ఈ కారణాలన్నిటినీ ఒప్పుకుంటాడు; ఒప్పుకున్న తరువాత, "ట్యాబు ఉండాది గదా" అని మళ్ళీ మొదటికి వస్తాడు.

అతని పరీక్షా విధానానికి మూలం పశువుల సంత. ఎద్దు కొనేవాడు అమ్మేవాడు చెప్పిన వయసును చెవిని పెట్టక, కింది దవడ పట్టి, పాలపళ్ళు ఊడి వచ్చిన పళ్ళు రెండా, నాలుగా, ఆరా, ఎనిమిదా అని చూసి ఏళ్ళు తేలుస్తాడు. ఈ పద్ధతి కంప్యూటరుకు వర్తించదని నవ్వేవారు తొందరపడుతున్నారనాలి, ఎందుకంటే కంప్యూటరుకూ పళ్ళున్నాయి. లోపల లెక్కలు చేసే ముఖ్యభాగమైన ప్రాసెసర్‌ను తయారీదారులు మెరుగుపరుస్తూ విడుదల చేసే ఒక్కొక్క విడతను జనరేషన్, అంటే తరం, అంటారు. ఇంటెల్ వారి ఐ5-8250యూ అన్న పేరులో గీత తరువాతి 8 అంకె అది ఎనిమిదో తరానిదనీ, 10210యూ అన్న చోట మొదటి రెండంకెలు కలిసి అది పదో తరానిదనీ చెబుతాయి. ఆ అంకెను బట్టి యంత్రం పుట్టిన కాలం అందాజుగా తెలుస్తుంది గనుక, దవడ పట్టడం సరైన పనే. జనకుడు చేసే పొరపాటల్లా పళ్ళు వదిలి సుడులు చూడడం. మూత పక్కన మెరిసే ఐ7 అన్న స్టిక్కరును అతడు నుదుటి మీది శుభమైన సుడిగా భావించి, 2012 నాటి మూడో తరం ఐ7 కంటే 2017లో వచ్చిన ఎనిమిదో తరం ఐ5 చురుకైనదన్న మాటను అంగడివాడి కుట్రగా జమకడతాడు. స్టిక్కరు విడిగా దొరుకుతుందనీ, దానిని ఏ యంత్రం మీదనైనా అంటించవచ్చుననీ అతనికి తోచదు. సుడిని అంటించే దళారిని అతడు ఏ సంతలోనూ చూసి ఉండడు.

తరం ప్రశ్న ఇటీవల మరింత బరువెక్కింది. విండోస్ 10కు మామూలుగా అందే భద్రతా సవరణలను మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో నిలిపివేసింది. దాని తరువాతిదైన విండోస్ 11 అధికారికంగా నడవాలంటే, కొద్ది మినహాయింపులు పోగా, ఇంటెల్ యంత్రాల్లో ఎనిమిదో తరమో ఆ తరువాతిదో ఉండాలి. కాబట్టి ఆరో, ఏడో తరం యంత్రాలు అంగళ్లలో బాగా చవకయ్యాయి. ఉచితంగా దొరికే లినక్స్‌ను వాటిలో వేసుకుంటే పిల్లల చదువుకు ఇంకా కొన్నేళ్ళు పనికివస్తాయి. కాని ఉచితమన్న మాట చెవిన పడగానే జనకుడు రెండడుగులు వెనక్కి వేస్తాడు. వానలు కురవని దేశంలో ఏదీ ఊరికే రాదని అతని అనుభవం.

తరం తేలిన తరువాత చూడవలసినవి నాలుగున్నాయి. మొదటిది బ్యాటరీ: కొత్తలో ఎంత ఛార్జి పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది అన్న రెండు అంకెలనూ బ్యాటరీ రిపోర్టు అనే పట్టికగా విండోసే ఇస్తుంది, మొదటిదానిలో రెండోది సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖరీదును ధరకు కలుపుకోవాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని పల్లెలో ఇది చిన్న విషయం కాదు. రెండవది నిల్వ పరికరం: హార్డ్ డిస్కులో పళ్ళేలు తిరుగుతాయి, ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలుండవు, అందుకే అది త్వరగా తెరుచుకుంటుంది, కుదుపులకూ తట్టుకుంటుంది. మూడవది ఫ్యాను: ఎర్రమట్టి దుమ్ము చేరితే గాలి ఆడక, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్ళో యంత్రం కాగిపోయి నెమ్మదిస్తుంది. నాలుగవది తాళం: కంపెనీల నుంచి వచ్చిన కొన్ని యంత్రాల్లో బయాస్ అనే ప్రారంభ వ్యవస్థకు పాత యజమాని పాస్‌వర్డు మిగిలిపోయి ఉంటుంది, దానిని విప్పి, బిల్లు కూడా ఇవ్వగలవాడి దగ్గరే కొనాలి. పరీక్షక జనకుడు ఈ నాలుగింటినీ వదిలి, యంత్రాన్ని చేత్తో ఎత్తి బరువు చూస్తాడు, వేలి కణుపుతో మూత మీద తడతాడు, రంధ్రాల దగ్గర ముక్కు పెట్టి కాలిన వాసన పసిగడతాడు. న్యాయంగా చెప్పాలంటే ఈ చివరి పరీక్షలో ఇంజనీర్లకు తెలిసిన సత్యమే కొంత ఉంది.

సలహాదారుల కొరత అతనికి లేదు. ప్రధాన సలహాదారు సుమారు 210 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో ఉద్యోగం చేసే బామ్మర్ది. అతడు ఫోనులో "బావా, ఎస్‌పీ రోడ్డులో ఇదే పీసు ఇంకా చవగ్గా దొరుకుతుంది, నేను తెచ్చిస్తాను" అంటాడు. ఆ మాట ఉగాదికి అన్నది సంక్రాంతికీ నెరవేరదు. ఈలోగా అనంతపురంలో ఏ ధర చెప్పినా జనకుడికి అది దోపిడీగానే వినిపిస్తుంది. ఇక బడిపంతులు కొత్తదే కొనమంటాడు, జిరాక్సు అంగడాయన ఏదీ కొనవద్దంటాడు. ముగ్గురి మాటా విని జనకుడు తీసుకునే నిర్ణయం మరొకరిని అడగాలన్నదే.

బేరం ఈ వ్యక్తిత్వానికి పతాక సన్నివేశం. పూర్వం సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని మౌనంగా తేల్చుకున్న ధరను ఇప్పుడు క్యాలిక్యులేటరు మీద నొక్కి చూపిస్తారు గాని, సంభాషణ స్వరూపం పెద్దగా మారలేదు.

"కడాకు ఎంతకిస్తావప్పా?"

"పద్నాలుగు వేలన్నా. కంపెనీ పీసు, నీట్‌గా ఉంది."

"మంచి ఎద్దును ఎవుడన్నా సంతకు తోలుతాడా? కంపెనీవోడు ఎందుకు వదిలిపెట్నాడో మొదలు అది చెప్పు."

"కంపెనీవాళ్ళు రైతులు గాదన్నా. ఎద్దు బాగున్నా వారంటీ అయిపోతే తోలేస్తారు."

అంగడివాడి జవాబులో సత్యం ఉంది. పెద్ద కంపెనీలు తమ యంత్రాలను సాధారణంగా మూడు నాలుగేళ్ళకు, వారంటీయో అద్దె ఒప్పందమో ముగియగానే, ఒకేసారి మార్చేస్తాయి. వాటిలో చాలా భాగం చెడిపోయినవి కావు. చెడకముందే వస్తువును వదులుకునే మనుషులు లోకంలో ఉన్నారన్న సంగతి జనకుడి ఊహకు అందదు, ఎందుకంటే అతని ఇంట్లో చెడిపోయిన తరువాత కూడా ఏదీ బయటికి వెళ్ళదు. అందువల్ల అతడు "ఆలోచించి చెప్తా" అని లేస్తాడు. మరునాడు వచ్చి అదే యంత్రానికి అదే ధర అడిగి, అదే వాసన చూస్తాడు.

ప్రతిష్టంభన వీడేది ఇంట్లోనే. ఖాతాదారు అయిన ఇల్లాలు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంతకూ పాప దాన్తో ఏం చేస్తుంది?" అన్ని రోజుల పరిశోధనలో ఎవరూ అడగని ఈ ప్రశ్నతో సగం సమస్య తీరుతుంది, ఎందుకంటే టైపింగు, పాఠాలు, తొలి మెట్టు ప్రోగ్రామింగు వరకైతే 8 జీబీ ర్యామ్, చిన్న ఎస్‌ఎస్‌డీ ఉన్న ఎనిమిదో తరం యంత్రం సరిపోతుంది, ఐ7 సుడికి వేరే వెల కట్టవలసిన పని లేదు. మిగిలిన సగం పిల్లను అంగడికి తీసుకువెళితే తీరుతుంది. ఆమె కుర్చీలో కూర్చొని తన పేరు, ఊరి పేరు, స్నేహితురాళ్ళ పేర్లు వరసగా కొట్టుకుంటూ పోయి, "నాయనా, దీంట్లో ఎన్ పడ్డంలే" అని రెండు నిమిషాల్లో తేలుస్తుంది. తండ్రి మూడు రోజులు తట్టి, ఎత్తి, వాసన చూసినా దొరకని లోపం అది. కీబోర్డు మార్చాక పదమూడు వేలకు బేరం తెగుతుంది. తన పరీక్ష వల్లనే వెయ్యి తగ్గిందని జనకుడు ఊరంతా చెప్పుకుంటాడు.

ఈ వ్యక్తిని కేవలం అనుమానపు మనిషిగా చిత్రించి వదలడం మాత్రం సరి కాదు. అనుమానం పాత వస్తువు కొనేవాడికి ఆయుధమే. సరైన చోట పెట్టిన అనుమానం అతనికి డబ్బు మిగులుస్తుంది. అతని అసలు దోషం కొన్న తరువాత మొదలవుతుంది. అరిగిపోతుందన్న భయంతో యంత్రాన్ని ఎర్ర చీర ముక్కలో చుట్టి బీరువాలో పెట్టి, ఆదివారం పూట గంటసేపు మాత్రమే ఇచ్చి, రేపు అమ్మితే ఎంత వస్తుందోనని వారానికొకసారి అంగడివాణ్ణి ఆరా తీస్తాడు. పనిలేని కాలంలో కొట్టంలో కట్టి మేపితే ఎద్దుకు బలం చేరుతుంది గనుక, పొదుపుగా వాడడం అక్కడ తెలివైన పని. బీరువాలోని కంప్యూటరుకు ఆ భాగ్యం లేదు: వాడినా వాడకపోయినా దాని బ్యాటరీ క్షీణిస్తుంది, దాని తరం పాతబడుతుంది, విండోస్ గడువులు దానికోసం ఆగవు. కాబట్టి పాత కంప్యూటరు కొనదగినదా కాదా అన్నది దవడ దగ్గర పూర్తిగా తేలే విషయం కాదు. ధరను పిల్ల దాని ముందు కూర్చునే గంటలతో భాగించి చూడాలి. ఆ లెక్కన పద్నాలుగు వేలు పెట్టి రోజూ రెండు గంటలు వాడనిచ్చిన పక్కింటి అమాయకుడు చవకగా కొన్నట్టూ, పదమూడు వేలకు కొని బీరువాకు తాళం వేసిన పరీక్షక జనకుడు ఆ వీధిలో అందరికంటే ఎక్కువ వెల పెట్టినట్టూ లెక్క.